సైన్యం నుంచి పోలీసు ఉద్యోగంలోకి మారాలనుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి

సైన్యంలో సర్వీసు ముగిసే రోజు దగ్గరపడ్డవాళ్లను "తర్వాత ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగితే చాలామంది నోట ముందుగా వచ్చేది పోలీసు ఉద్యోగమే. ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. యూనిఫాం, ర్యాంకు, క్రమశిక్షణ, పక్కన నిలబడే తోటివాళ్లు, చేసే పనికి ఒక అర్థం ఉందన్న భావన, ఇవన్నీ అక్కడా దొరుకుతాయి. ఇరవై ఏళ్లు నిండకముందే బ్యారక్‌లో అడుగుపెట్టిన మనిషికి ఆఫీసు కుర్చీ కన్నా పెట్రోలింగ్ బండి దగ్గరగా అనిపించడం సహజం. అటు పోలీసు శాఖలు కూడా మాజీ సైనికుల కోసం చూస్తూనే ఉంటాయి. వయసులో సడలింపు, కోటా, పరీక్షలో అదనపు మార్కులు లాంటివి చాలా దేశాల్లో ఉన్నాయి. అమెరికాలో జనాభా లెక్కల ఆధారంగా 2017లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం అక్కడి పోలీసుల్లో దాదాపు 19 శాతం మంది సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లే. మొత్తం జనాభాలో అలాంటివాళ్లు 6 శాతం మాత్రమే.

ఇంతమంది నడుస్తున్న దారి కాబట్టి సులువైన దారేననుకుంటారు. చిక్కు ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. తుపాకీ వాడటం, మ్యాప్ చదవడం, వైర్‌లెస్‌లో మాట్లాడటం, రాత్రంతా మేలుకుని డ్యూటీ చేయడం లాంటివి ఎలాగూ వెంట వస్తాయి. ఇబ్బంది పెట్టేవి రెండు ప్రశ్నలు. ఎదురుగా నిలబడ్డ మనిషి మీకు ఏమవుతాడు? అతని విషయంలో ఏం చేయాలో తేల్చేది ఎవరు? ఈ రెండింటికీ సైన్యం చెప్పే జవాబు ఒకటి, పోలీసు ఉద్యోగం చెప్పే జవాబు మరొకటి. మారాలా వద్దా అని ఆలోచించేవాళ్లు జీతం, పోస్టింగ్, ప్రమోషన్ల లెక్క కన్నా ముందు వీటి మీద కూర్చుని ఆలోచించాలి.

రెండింటినీ కావాలనే వేరు చేశారు

1819 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పార్లమెంటు సంస్కరణలు కావాలంటూ వేలాదిమంది ఒక మైదానంలో గుమిగూడారు. వాళ్లను చెదరగొట్టడానికి గుర్రపు దళాన్ని పంపారు. సైనికులు కత్తులు దూసి జనంలోకి దూసుకెళ్లారు. పదిహేను మందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. దీన్ని పీటర్లూ మారణకాండ అంటారు. పదేళ్ల తర్వాత, 1829లో, హోం సెక్రటరీ రాబర్ట్ పీల్ లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసును ఏర్పాటు చేసినప్పుడు జనంలో ఉన్న పెద్ద భయం, ఇది ఇంకో రూపంలో వచ్చిన సైన్యమేమోనని. అందుకే సైన్యం ఎర్ర కోటు వేసుకుంటే పోలీసుకు నీలం కోటు ఇచ్చారు. చేతికి తుపాకీ బదులు చెక్క లాఠీ ఇచ్చారు.

మొదటి ఇద్దరు కమిషనర్లను ఎంచుకున్న తీరు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చార్లెస్ రోవన్ వాటర్లూ యుద్ధంలో పోరాడిన సైనికాధికారి. రిచర్డ్ మేన్ న్యాయవాది. ఒక దళాన్ని నిలబెట్టి నడిపించడం తెలిసినవాణ్నీ, చట్టం ఎంతవరకు అనుమతిస్తుందో తెలిసినవాణ్నీ పక్కపక్కన కూర్చోబెట్టారు. సైన్యం నుంచి పోలీసులోకి వెళ్లే ప్రతి మనిషీ రోవన్‌గా బయలుదేరి, తనలోనే ఒక మేన్‌ను తయారు చేసుకోవాల్సి ఉంటుంది.

అన్ని దేశాలూ ఇదే దారి పట్టలేదు. ఫ్రాన్స్‌లో జాందార్మెరీకి 1791లో ఆ పేరు వచ్చింది. ఇటలీలో కారబినియేరీ 1814లో, స్పెయిన్‌లో గార్దియా సివిల్ 1844లో మొదలయ్యాయి. ఇవి సైనిక హోదా ఉంటూనే ఊళ్లలో పోలీసు పని చేసే దళాలు. ఫ్రాన్స్ దళం 2009లో హోం శాఖ కిందికి వచ్చాక కూడా దాని సైనిక హోదా పోలేదు. అమెరికాలో దీనికి పూర్తిగా ఉల్టా. దేశంలోపల చట్టాన్ని అమలు చేసే పనికి సైన్యాన్ని వాడకుండా 1878 నాటి పోసీ కమిటాటస్ చట్టం కట్టడి చేస్తుంది. భారత్‌లో రెండు రకాలూ కనిపిస్తాయి. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చినప్పుడు మాజీ అగ్నివీరులకు కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో 10 శాతం కోటా ప్రకటించారు. సరిహద్దు కాపలా కాసే బలగంలో చేరడం వేరు, పోలీస్ స్టేషన్లో కూర్చుని ఫిర్యాదు రాసుకోవడం వేరు. మొదటిదానిలో సైనిక జీవితం చాలావరకు కొనసాగుతుంది. రెండోది దాదాపు కొత్త వృత్తి. "పోలీసుల్లో చేరతాను" అనేవాళ్లు ముందుగా ఏ పోలీసో తేల్చుకోవాలి. ఈ వ్యాసంలో నేను ప్రధానంగా మాట్లాడుతున్నది రెండోదాని గురించి.

ఎదురుగా ఉన్నవాడు శత్రువు కాదు

యుద్ధ నియమాల ప్రకారం శత్రు సైనికుడు అతని హోదా వల్లనే లక్ష్యం అవుతాడు. ఆ క్షణంలో అతను మీ మీదికి తుపాకీ ఎత్తాడా లేదా అన్నది ప్రశ్న కాదు. నిద్రలో ఉన్నా, వెనక్కి పరుగెడుతున్నా అతని మీద దాడి చేయవచ్చు. లొంగిపోయినప్పుడో, గాయపడి పోరాడలేని స్థితిలో ఉన్నప్పుడో మాత్రం చేయకూడదు. పోలీసుకు ఈ లెక్క పనికిరాదు. ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించిన పోలీసు ప్రవర్తనా నియమావళి, బలప్రయోగం మీద 1990లో హవానాలో ఆమోదించిన మూల సూత్రాలు ఒకే మాట చెబుతాయి. బలం చివరి మార్గం. ప్రాణం తీసే బలం అయితే మరో ప్రాణాన్ని కాపాడటానికి ఇక వేరే దారి లేనప్పుడే. ఎదుటి మనిషి దొంగ కావచ్చు, తాగి గొడవ చేస్తున్నవాడు కావచ్చు, హత్య చేసి వచ్చినవాడే కావచ్చు. అతనికి ఉన్న హోదా పౌరుడు. అతన్ని కోర్టు ముందు ప్రాణాలతో నిలబెట్టడమే పని.

ఈ తేడా కాగితం మీద తేలిగ్గానే అర్థమవుతుంది. అమల్లో ఎంత బరువో చూడాలంటే అమెరికాలో 1974లో టెనెస్సీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో జరిగిన ఘటన చూడాలి. ఒక ఇంట్లో దొంగతనం జరిగిందని వెళ్లిన పోలీసు, కంచె ఎక్కి పారిపోబోతున్న కుర్రాడిని వెనక నుంచి కాల్చాడు. కుర్రాడి వయసు 15. అతని చేతిలో ఆయుధం ఉన్నట్టు తనకు కనిపించలేదని ఆ పోలీసే చెప్పాడు. దొరికింది ఒక పర్సు, పది డాలర్లు. అప్పటికి ఆ రాష్ట్ర చట్టం పారిపోతున్న నేరస్తుణ్ని కాల్చడానికి అనుమతించేది. 1985లో టెనెస్సీ వర్సెస్ గార్నర్ తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది. పారిపోతున్నవాడి వల్ల ప్రాణాలకు పెద్ద ముప్పు ఉందని నమ్మే బలమైన కారణం లేకపోతే కాల్చడానికి వీల్లేదని తేల్చింది. సైనికుడికి పారిపోతున్న శత్రువు ఒక అవకాశం. పోలీసుకు పారిపోతున్న మనిషి చాలాసార్లు వదిలేసి, తర్వాత ఇంటికి వెళ్లి పట్టుకోవాల్సినవాడు. "వదిలేయడం" అనే పని ఎన్నో ఏళ్లు మిషన్ పూర్తి చేయడమే నేర్చుకున్నవాళ్లకు చాలా కష్టంగా ఉంటుంది.

శిక్షణ ఎంత లోతుగా ఒంట్లోకి దిగుతుందో చెప్పడానికి ఇంకో ఘటన ఉంది. 1992లో లాస్ ఏంజిలిస్ అల్లర్ల సమయంలో పోలీసులకు సాయంగా అమెరికా సాయుధ బలగాల్లో ఒకటైన మెరైన్ దళాన్ని దింపారు. కాంప్టన్‌లో ఒక ఇంట్లో కుటుంబ గొడవ జరుగుతోందని కబురు వస్తే పోలీసులు, మెరైన్లు కలిసి వెళ్లారు. లోపలి నుంచి ఎవరో తలుపు మీదుగా చిన్న గుళ్ల తుపాకీ పేల్చారు. ఒక పోలీసు తనకు కవర్ ఇవ్వమని అరిచాడు. గురిపెట్టి సిద్ధంగా ఉండండి, అవసరమైతేనే కాల్చండి అని అతని ఉద్దేశం. మెరైన్లకు శిక్షణ నేర్పింది ఇంకొకటి. తోటివాడు కదలాలంటే శత్రువు తల ఎత్తకుండా ఆపకుండా కాల్చాలి. క్షణాల్లో రెండు వందలకు పైగా తూటాలు ఆ ఇంట్లోకి వెళ్లాయి. లోపల పిల్లలు కూడా ఉన్నారు. ఎవరికీ తగలకపోవడం అదృష్టం. అక్కడ ఎవరూ ఆజ్ఞ మీరలేదు, ఎవరూ భయపడి కాల్చలేదు. మెరైన్లు తమకు నేర్పినదాన్ని నూటికి నూరుపాళ్లు సరిగ్గా చేశారు. అదే ఇక్కడ గమనించాల్సిన విషయం. వృత్తి మారేవాళ్లు కొత్తవి నేర్చుకోవడంతో పాటు, తాము బాగా చేయగలిగిన కొన్ని పనులను ఆపడం కూడా నేర్చుకోవాలి. ఏ అకాడమీలోనైనా ఈ ఆపడమే ఎక్కువ టైమ్ తీసుకుంటుంది.

నిర్ణయం కింది ర్యాంకు చేతిలో

సైన్యంలో పైకి వెళ్లేకొద్దీ సొంతంగా నిర్ణయించే వీలు పెరుగుతుంది. పోలీసుల్లో చిత్రంగా అది కింది స్థాయిలోనే ఎక్కువ. రోడ్డు మీద బండి ఆపిన కానిస్టేబుల్ ఫైన్ వేయాలా, హెచ్చరించి పంపాలా, అరెస్టు చేయాలా అన్నది అక్కడికక్కడ తనే తేల్చాలి. భార్యాభర్తల గొడవకు వెళ్తే ఎవరు చెప్పేది నిజమో, ఆ రాత్రికి ఎవరిని ఇల్లు దాటించాలో, పిల్లల్ని ఎవరి దగ్గర ఉంచాలో నిమిషాల్లో నిర్ణయించాలి. సైన్యంలోలా పక్కన చిన్న జట్టు (సెక్షన్) ఉండదు, వెనక దళం (ప్లాటూన్) ఉండదు. చాలాచోట్ల ఒక్కరే వెళ్తారు, లేదా ఇద్దరు.

ఇంగ్లండ్ చట్టంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. కానిస్టేబుల్‌కు ఉన్న అధికారం పై అధికారి నుంచి అరువు తెచ్చుకున్నది కాదు, అది అతని పదవికే చెందినదని 1930లో ఫిషర్ వర్సెస్ ఓల్డమ్ కార్పొరేషన్ కేసులో కోర్టు చెప్పింది. అంటే తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది కూడా ముందుగా అతనే. "సార్ చెప్పారు, చేశాను" అన్న మాట కోర్టులో ఎక్కువ దూరం రాదు. ఆజ్ఞల గొలుసులో ఉన్న భద్రతకు అలవాటు పడ్డవాళ్లలో కొందరికి ఇది ఊపిరాడనివ్వదు. ఇంకొందరికి, ముఖ్యంగా సైన్యంలో తమ బుర్రకు పని దొరకలేదని బాధపడ్డవాళ్లకు, ఇదే పెద్ద ఆకర్షణ. మీరు ఏ రకమో మీకు తెలియాలి.

సైనిక నేపథ్యం ఉన్నవాళ్లు తొందరపడి కాలుస్తారన్న మాట చాలామంది అంటుంటారు. దానికి ఎదురు నిలిచే ఘటన ఒకటి 2016లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, వీర్టన్ పట్టణంలో జరిగింది. అఫ్గానిస్తాన్‌లో మెరైన్‌గా పనిచేసి వచ్చిన ఒక యువ పోలీసు ఒక ఇంటి గొడవకు వెళ్లాడు. ఎదురుగా తుపాకీ పట్టుకున్న యువకుడు, తనను కాల్చేయమని బతిమాలుతున్నాడు. తుపాకీ నేలవైపే ఉంది. ఇతను చావాలనుకుంటున్నాడు తప్ప చంపాలనుకోవడం లేదని ఈ పోలీసుకు అర్థమైంది. కాల్చకుండా మాట్లాడుతూ ఉన్నాడు. ఇంతలో వచ్చిన మరో ఇద్దరు పోలీసుల్లో ఒకరు యువకుణ్ని కాల్చి చంపారు. తర్వాత చూస్తే ఆ తుపాకీలో తూటాలే లేవు. కాల్చకుండా ఆగిన మాజీ మెరైన్‌ను నగర యంత్రాంగం ఉద్యోగం నుంచి తీసేసింది. తొలగింపుకు వేరే కారణాలు కూడా ఉన్నాయని వాదించింది. అతను కేసు వేశాడు. 2018లో నగరం అతనికి 1,75,000 డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. అఫ్గానిస్తాన్‌కు వెళ్లేముందు మనుషుల్ని అంచనా వేయడం నేర్పిన శిక్షణ ఆ సమయంలో తనకు పనికొచ్చిందని అతను తర్వాత చెప్పాడు.

ఈ ఘటన నన్ను చాలా కదిలించింది. తూటాల మధ్య నిలబడి వచ్చిన మనిషికి తుపాకీ చూడగానే గుండె ఆగిపోదు. ఆ నిబ్బరం పోలీసు పనిలో ఒక ప్రాణాన్ని నిలబెట్టగలదు. సైన్యం ఇచ్చేవాటిలో పోలీసు శాఖకు నిజంగా విలువైనది గురి చూసి కొట్టడం కన్నా ఈ నిబ్బరమే.

పరిశోధనలు ఏమంటున్నాయి

లెక్కలు మాత్రం ఒకేవైపు చూపవు. డాలస్ పోలీసు శాఖ రికార్డుల మీద టెక్సస్ పరిశోధకులు చేసిన అధ్యయనంలో, సైన్యంలో పనిచేసి యుద్ధ ప్రాంతానికి వెళ్లని పోలీసులు డ్యూటీలో కాల్పులు జరిపే అవకాశం మిగతావాళ్లతో పోలిస్తే సుమారు రెట్టింపు, విదేశీ మోహరింపుల్లో పనిచేసి వచ్చినవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఉన్నట్టు తేలింది. బోస్టన్‌లో 2010 నుంచి 2015 వరకు వచ్చిన ఫిర్యాదుల్ని చూసినప్పుడు కూడా, అతిగా బలం వాడారన్న ఆరోపణలు మాజీ సైనికుల మీద ఎక్కువగా ఉన్నాయి.

వీటిని పక్కన పడేయకూడదు. అలాగని ప్రతి మాజీ సైనికుడి మీదా ముద్ర వేయడానికీ వాడకూడదు. ఎక్కువ ప్రమాదం ఉన్న ప్రాంతాలకు, ప్రత్యేక దళాలకు మాజీ సైనికులనే పంపితే కాల్పుల ఘటనలు వాళ్ల ఖాతాలోనే ఎక్కువగా పడతాయి. ఒకటి రెండు నగరాల లెక్కలను ప్రపంచమంతటికీ అన్వయించలేం. అయితే యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లకూ వెళ్లనివాళ్లకూ మధ్య కనిపించిన తేడా ఆలోచించాల్సిందే. సమస్య సైనిక శిక్షణ అనే మొత్తం ముద్దలో కన్నా, యుద్ధ అనుభవం మనసులో మిగిల్చినదాన్ని ఎవరూ పట్టించుకోకుండా నేరుగా వీధిలోకి పంపడంలో ఉందేమోనన్న అనుమానం నాది.

శాఖను బట్టి కూడా చాలా మారుతుంది. అమెరికాలో కొత్తగా చేరినవాళ్లకు అకాడమీ శిక్షణ 2018 లెక్కల ప్రకారం సగటున 833 గంటలు, అంటే దాదాపు ఐదు నెలలు. ఫిన్లాండ్‌లో పోలీసు కావాలంటే మూడేళ్ల డిగ్రీ చదవాలి. నార్వేలో కూడా మూడేళ్లు. అంత సమయంలో పాత అలవాట్లు సడలి కొత్తవి నాటుకుంటాయి. అమెరికాలోనే వాషింగ్టన్ రాష్ట్ర అకాడమీలో, మాజీ షెరిఫ్ (స్థానిక పోలీసు అధిపతి) స్యూ రార్ బాధ్యత తీసుకున్నాక, సైనిక క్యాంపు తరహాలో కేకలు వేసి భయపెట్టే శిక్షణను తగ్గించి, యోధుల బదులు రక్షకులను తయారు చేయాలన్న ఆలోచనను ముందుకు తెచ్చారు. మెంఫిస్‌లో 1988లో మొదలైన సంక్షోభ స్పందన బృందాలు ఇంకో ఉదాహరణ. మానసిక అనారోగ్యంతో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో 40 గంటలు నేర్పుతారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో నగరాలకు పాకింది. మీరు చేరబోయే శాఖ ఇలాంటివాటికి ఎంత సమయం కేటాయిస్తుందో ఇంటర్వ్యూలోనే అడగండి. జవాబు చెప్పేవాళ్ల ముఖంలోనే చాలా తెలుస్తుంది.

రోజువారీ పని

బయటివాళ్లు ఊహించే పోలీసు పనికీ, అసలు పనికీ చాలా దూరం ఉంది. డ్యూటీలో ఎక్కువ భాగం నేరగాళ్ల వెంట పరుగెత్తడంలో గడవదు. ఇరుగుపొరుగు తగాదాలు, రోడ్డు ప్రమాదాలు, తప్పిపోయిన ముసలివాళ్లు, తాగినవాళ్లు, మనసు బాగాలేనివాళ్లు, బందోబస్తు, వీటితో గడుస్తుంది. ఇక రాత పని అంతుండదు. ఫిర్యాదు రాయడం, సాక్షుల వాంగ్మూలాలు తీసుకోవడం, స్వాధీనం చేసుకున్న ప్రతి వస్తువూ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో నమోదు చేయడం. ఒక తేదీ తప్పు పడితే నెలల తర్వాత కోర్టులో డిఫెన్స్ లాయర్ ఆ ఒక్క తేదీని పట్టుకుని గంటసేపు నిలబెట్టి ప్రశ్నిస్తాడు. ఆ ప్రశ్నలకు కోపం రాకుండా, పొడిగా, నిజమే చెప్పాలి. నిందితుడు బయటపడితే ఆ ఫలితాన్ని ఒప్పుకుని మర్నాడు డ్యూటీకి రావాలి. మిషన్ పూర్తయిందన్న తృప్తి ఈ ఉద్యోగంలో అరుదు.

చట్టం చదవడం తప్పదు. ఎప్పుడు సోదా చేయొచ్చు, ఎప్పుడు వారెంటు కావాలి, అరెస్టు చేసినవాడికి ఏమేం చెప్పాలి, ఎన్ని గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ఇవన్నీ నోటికి వచ్చి ఉండాలి. శారీరక పరీక్షలు అలవోకగా దాటే మాజీ సైనికులను కంగారు పెట్టేది తరచూ ఈ పుస్తకాలే. సైన్యంలో ఉండగానే, చివరి ఏడాదిలో, చట్టం మీద చిన్న కోర్సు ఏదైనా మొదలుపెట్టగలిగితే ఎంతో మేలు.

మిలిటరీ పోలీసులో పనిచేసినవాళ్లు తమకు ఇదంతా తెలుసనుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ వాళ్లు చూసుకున్నది గేటు లోపలి సమాజాన్ని. అక్కడ ప్రతి మనిషికీ ఒక ర్యాంకు, ఒక కమాండర్, పోగొట్టుకోవడానికి ఒక ఉద్యోగం ఉంటాయి. బయటివాళ్లకు మీ ర్యాంకుతో పని లేదు. కొందరికి మీ యూనిఫాం అంటేనే పడదు, దానికి వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి.

ఒంటికీ మనసుకూ

యుద్ధ ప్రాంతానికి వెళ్లిన సైనికుడికి తిరుగు ప్రయాణం ఒకటి ఉంటుంది. తేదీ తెలుస్తుంది, విమానం వస్తుంది, ఇల్లు చేరతాడు. పోలీసుకు డ్యూటీ చేసే ఊరే నివసించే ఊరు. రాత్రి ప్రమాదంలో పిల్లాడి శవాన్ని తీసిన కూడలి మీదుగానే పొద్దున సొంత పిల్లల్ని బడికి దింపాలి. అరెస్టు చేసిన మనిషి తమ్ముడు అంగట్లో ఎదురవుతాడు. ఒక్కో ఘటన చిన్నదే కావచ్చు. ఇరవై, ముప్పై ఏళ్లపాటు ఆగకుండా పేరుకుపోతాయి. మోహరింపు నుంచి తెచ్చుకున్న పీడకలలు, ఉలికిపాటు, నిద్రలేమి ఉంటే ఈ ఉద్యోగం వాటికి మందు కాదు. షిఫ్టులు వాటిని ఇంకా పెంచుతాయి. మానసిక వైద్యుణ్ని కలిస్తే ఆ రికార్డు వల్ల పోలీసు ఉద్యోగం రాదేమోనన్న టెన్షన్ చాలామందిలో ఉంటుంది. చికిత్స తీసుకుని కుదుటపడ్డ మనిషినీ, దాచిపెట్టి లోలోపల రగిలే మనిషినీ వేరు చేసి చూడగల శాఖలు ఇప్పుడు పెరుగుతున్నాయి. ఏది ఏమైనా దరఖాస్తులో, వైద్య పరీక్షలో దాచడం మాత్రం చేయొద్దు. నేపథ్య విచారణలో అబద్ధం బయటపడితే, అసలు విషయం చిన్నదైనా అవకాశం అక్కడితో పోతుంది.

వినికిడి సంగతి వేరే చెప్పాలి. తుపాకులు, ఇంజిన్లు, పేలుళ్ల మధ్య గడిపినవాళ్లలో చెవిలో హోరు, వినికిడి తగ్గడం చాలా సాధారణం. మోకాళ్లు, నడుము కూడా అంతే. పోలీసు వైద్య పరీక్షల్లో వినికిడికి, చూపుకు కచ్చితమైన హద్దులు ఉంటాయి. దరఖాస్తు చేయకముందే సొంతంగా పరీక్ష చేయించుకుంటే, ఏడాదిపాటు సిద్ధమై చివర్లో తిరస్కరణ వినే బాధ తప్పుతుంది.

మళ్లీ మొదటి మెట్టు నుంచి

హవల్దారుగా, సార్జెంటుగా ముప్పై మందిని నడిపించిన మనిషి, పోలీసుల్లో చాలాచోట్ల కొత్త కానిస్టేబుల్‌గా మొదలవ్వాలి. తనకన్నా పదేళ్లు చిన్న అధికారి చెప్పింది వినాలి. ప్రొబేషన్ రోజుల్లో తప్పు రాశావని రిపోర్టు తిరిగి వస్తుంది. సైన్యంలో సంపాదించిన గౌరవం వల్ల మొదటి రోజు కరచాలనం గట్టిగా ఉంటుంది, అంతే. దీనికి మనసును సిద్ధం చేసుకోనివాళ్లు ఉద్యోగం బాగున్నా చేదుగా మారిపోతారు. కుటుంబానికి కూడా ముందే చెప్పాలి. జీతం మొదట్లో తగ్గవచ్చు, సెలవులు అనుకున్నప్పుడు దొరకవు, పండగ రోజుల్లోనే డ్యూటీ ఎక్కువ. సైనిక పెన్షన్‌తో పాటు కొత్త జీతం పూర్తిగా వస్తుందా, పాత సర్వీసు కొత్త పెన్షన్‌లో కలుస్తుందా అన్నది దేశానికో రకంగా, ఒక్కోసారి శాఖకో రకంగా ఉంటుంది. ఎవరో చెప్పిన మాట కాకుండా రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

నిర్ణయం తీసుకోకముందే పనిని దగ్గరగా చూసే అవకాశాలు ఉన్నాయి. పెట్రోలింగ్ బండిలో పక్కన కూర్చుని ఒక షిఫ్టు చూడటానికి కొన్ని దేశాల్లో మామూలు పౌరులనే అనుమతిస్తారు. బ్రిటన్‌లో స్పెషల్ కానిస్టేబుల్‌గా జీతం లేకుండా, ఉన్న ఉద్యోగం చేస్తూనే పోలీసు పని చేయొచ్చు. అమెరికా సైన్యంలో స్కిల్‌బ్రిడ్జ్ అనే ఏర్పాటు కింద సర్వీసు చివరి 180 రోజుల్లో, సైన్యం జీతం తీసుకుంటూనే, బయటి సంస్థలో పని నేర్చుకోవచ్చు. వాటిలో పోలీసు శాఖలు కూడా ఉన్నాయి. ఇలాంటివేవీ లేనిచోట, సైన్యం నుంచి వెళ్లి కనీసం మూడు నాలుగేళ్లు స్టేషన్లో పనిచేసినవాళ్లతో మాట్లాడండి. నిన్న మొన్న చేరినవాళ్లకు ఇంకా ఉత్సాహమే ఉంటుంది. వీలైతే మధ్యలో మానేసినవాళ్లతో కూడా మాట్లాడండి.

తుపాకీ కోసమే పోలీసు వైపు చూస్తున్నవాళ్లు ఒకటి గమనించాలి. బ్రిటన్, ఐర్లండ్, న్యూజిలాండ్‌లో గస్తీ తిరిగే పోలీసుల్లో ఎక్కువమంది నడుముకు తుపాకీ ఉండదు. వాళ్ల ఆయుధం చాలావరకు నోరే. ఎదుటివాడు అరుస్తుంటే మీ గొంతు తగ్గించడం, అతను ఒక్క మాట అనేదాకా ఐదు నిమిషాలు ఊరుకోవడం మీకు చేతనవుతుందా అన్నది షూటింగ్ రేంజ్‌లో వచ్చే మార్కుల కన్నా ఎక్కువ చెబుతుంది.

పెట్రోలింగ్ సరిపడదని తేలినా పోలీసు తలుపు మూసుకున్నట్టు కాదు. పేలుడు పదార్థాల నిర్వీర్యం, జాగిలాల విభాగం, డ్రోన్లు, కమ్యూనికేషన్స్, నేర సమాచార విశ్లేషణ, అత్యవసర కాల్స్ తీసుకునే కంట్రోల్ రూమ్, శిక్షణ, వాహనాల విభాగం, వీటన్నిటిలో సైన్యంలో నేర్చుకున్నది నేరుగా పనికొస్తుంది. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో ప్రాణాలు నిలబెట్టిన రక్తస్రావం ఆపే పట్టీ, టోర్నికెట్, ఇప్పుడు అమెరికాలో ఎందరో పోలీసుల బెల్టుకు ఉంటుంది. దాన్ని వాడటం వాళ్లకు నేర్పినవాళ్లలో మాజీ సైనిక వైద్య సహాయకులు ఉన్నారు. ఈ విభాగాల్లో కొన్నింటికి ముందు కానిస్టేబుల్‌గా కొన్నేళ్లు చేయాలి. కొన్నింటికి సివిలియన్ సిబ్బందిగా నేరుగా తీసుకుంటారు, వాటికి వయోపరిమితి, శారీరక ప్రమాణాలు వేరుగా ఉంటాయి. దరఖాస్తు ఫారం నింపేముందు ఆ జాబితా కూడా తెప్పించుకుని చూడండి.